ఏ రోజు బిగించారు? – ఇంటి ఇంధన పన్ను క్రెడిట్లపై పాఠకుల ప్రశ్నలు

అమెరికాలో పన్ను రిటర్నుల కాలం వచ్చిందంటే మా డబ్బాలో ఇక్కడి తెలుగువారి ఉత్తరాలు పెరుగుతాయి. ఈసారి వాటిలో చాలా భాగం హీట్ పంపులు (ఏసీలా చల్లబరచడమే కాక చలికాలంలో ఇంటిని వేడి కూడా చేసే పరికరాలు), కిటికీలు, అట్టిక్ ఇన్సులేషన్ (వేడి, చలి రాకుండా అటక మీద పరిచే పొర), సోలార్ పలకల గురించే ఉన్నాయి. కారణం తెలిసిందే. 2005 నాటి ఇంధన విధాన చట్టంతో పుట్టిన రెండు పన్ను క్రెడిట్లను (కట్టాల్సిన పన్నులోంచి నేరుగా తగ్గే మొత్తాలను), అంటే ఉన్న ఇంటిని ఇంధనం ఆదా అయ్యేలా మెరుగుపరుచుకున్నందుకు ఇచ్చే 25సి (పన్ను చట్టంలో సెక్షను నంబరు) క్రెడిట్‌నూ, సోలార్ వంటి వాటికి ఇచ్చే 25డి క్రెడిట్‌నూ, 2022 ఆగస్టులో వచ్చిన ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ యాక్ట్ బాగా పెంచి, మొదటిదాన్ని 2032 దాకా, రెండోదాన్ని 2034 దాకా పొడిగించింది. ఇంకా చాలా ఏళ్లున్నాయి కదా అని తీరిగ్గా కూర్చున్నవారికి, 2025 జూలై 4న సంతకమైన 'వన్ బిగ్ బ్యూటిఫుల్ బిల్' చట్టం ఆ రెండింటినీ 2025 డిసెంబరు 31తోనే ముగించేసింది. అందువల్ల 2026 ఏప్రిల్ 15 లోపు దాఖలు చేసే 2025 రిటర్నే, ఇంటి మెరుగుదల క్రెడిట్‌ను కొత్తగా అడగడానికి ఆఖరి రిటర్ను. ఇక ప్రశ్నల్లోకి వెళదాం.

ప్రశ్న: మా ఇంట్లో పాత ఫర్నేసు తీసేసి హీట్ పంప్ పెట్టించుకోవడానికి నవంబరులో కాంట్రాక్టు రాసుకున్నాం. క్రెడిట్ డిసెంబరుతో పోతుందని విని, డిసెంబరు 20కల్లా మొత్తం 14,000 డాలర్లూ కట్టేశాం. బయట పెట్టే యూనిట్ రావడం ఆలస్యమై, చివరికి జనవరి 9న బిగించారు. డబ్బు 2025లోనే కట్టాం కాబట్టి 2,000 డాలర్ల క్రెడిట్ అడగవచ్చా? – ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: అడగడానికి లేదు. మీకు నచ్చని జవాబే అయినా ముందే చెప్పడం మంచిది. ఈ క్రెడిట్‌కు లెక్కలోకి వచ్చేది కాంట్రాక్టు మీద సంతకం పెట్టిన రోజూ కాదు, చెక్కు ఇచ్చిన రోజూ కాదు; ఆ పరికరాన్ని బిగించి, అది పని చేయడానికి సిద్ధమైన రోజు మాత్రమే. మీ యూనిట్ విషయంలో అది జనవరి 9. డిసెంబరు 31 తరువాత వాడకంలోకి వచ్చిన దేనికీ 25సి కింద క్రెడిట్ లేదని చట్టం స్పష్టంగా చెబుతోంది. ముందుగా డబ్బు కట్టినవారికి మినహాయింపు ఇచ్చే వాక్యం అందులో ఎక్కడా లేదు.

ఇదే సూత్రం తిరగేస్తే కొందరికి మేలు కూడా చేస్తుంది. డిసెంబరు 28న హీట్ పంప్ బిగించి నడిపించి చూపించారు, కానీ చివరి వాయిదా మాత్రం ఫిబ్రవరిలో కట్టారనుకోండి. అలాంటివారు 2025 రిటర్నులోనే ధైర్యంగా క్రెడిట్ అడగవచ్చు.

మీ ఉత్తరంలో చివర మరో మాట రాశారు: కాంట్రాక్టరు 'కావాలంటే ఇన్వాయిస్ మీద డిసెంబరు తేదీ వేసి ఇస్తాను' అన్నాడని. ఆ మాట వినకండి. హీట్ పంప్ బిగించడానికి మీ టౌన్‌షిప్‌లో పర్మిట్ తీసుకుని ఉంటారు, ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి సంతకం చేసిన కాగితం వాళ్ల కార్యాలయంలో ఉంటుంది, యూనిట్ గోదాము నుంచి బయలుదేరిన తేదీ తయారీదారు దగ్గర ఉంటుంది. ఇన్ని చోట్ల జనవరి అని ఉండగా ఒక్క ఇన్వాయిస్ మీద డిసెంబరు అని ఉంటే, అది రేపు మీకు రుజువుగా నిలవకపోగా మీ మీదే రుజువవుతుంది. రెండు వేల డాలర్ల కోసం సంతకం పెట్టాల్సిన అబద్ధం కాదది. మీరు చేయాల్సింది వేరే ఉంది. మీ యుటిలిటీ (కరెంటు, గ్యాస్ అందించే) కంపెనీ ఇచ్చే రిబేటుకూ, రాష్ట్రం నడిపే ఇంధన రిబేటు పథకానికీ ఈ పన్ను చట్టంతో సంబంధం లేదు. యుటిలిటీ రిబేటు గురించి అడిగి చూడండి. రాష్ట్ర పథకం మాత్రం పనికి ముందే అడగాల్సినది, దాని గురించి కింద ఇల్లినాయ్ పాఠకుడికిచ్చిన జవాబు చూడండి.

ప్రశ్న: 2025లో మా ఇంటికి చేతినిండా ఖర్చయింది. జూన్‌లో ఏసీ పాడై, సెంట్రల్ ఏసీతో పాటు గ్యాస్ ఫర్నేసు కూడా మార్చాం. బిగింపు కూలీతో కలిపి ఏసీకి 8,000, ఫర్నేసుకు 4,000 డాలర్లు అయ్యాయి. అక్టోబరులో కిటికీలు మార్చాం. 7,200 డాలర్లు, అందులో 2,200 కూలీ. వీధి తలుపు 1,000 డాలర్లు. డిసెంబరు మొదటి వారంలో హీట్ పంప్ వాటర్ హీటర్ పెట్టించాం, కూలీతో 4,000. మొత్తం మీద 30 శాతం వస్తుందని మిత్రులొకరు చెప్పారు. అంటే ఏడు వేలకు పైనే కదా? – ఒక పాఠకురాలు, టెక్సస్

జవాబు: అమ్మా, 30 శాతం అన్న మాట నిజమే, దాని వెనక ఉన్న పరిమితుల సంగతే మీ మిత్రులు చెప్పలేదు. ఒక్కొక్కటిగా చూద్దాం.

సెంట్రల్ ఏసీకి 30 శాతం అంటే 2,400 డాలర్లు. కానీ ఏసీకి ఇచ్చే గరిష్ఠం 600. గ్యాస్ ఫర్నేసుకు కూడా గరిష్ఠం 600. కిటికీల విషయంలో కూలీ లెక్కలోకి రాదు, సామాను ఖరీదు మాత్రమే లెక్క. 5,000 డాలర్ల మీద 30 శాతం 1,500 అయినా, ఎన్ని కిటికీలు మార్చినా అన్నింటికీ కలిపి 600 దాటకూడదు. తలుపుకూ కూలీ లెక్కలోకి రాదు కాబట్టి, మీరు చెప్పిన 1,000 డాలర్లు తలుపు ఖరీదే అనుకుంటే 30 శాతం 300 అవుతుంది; ఒక్కో తలుపుకు 250, మొత్తం తలుపులకు 500 అన్న పరిమితి వల్ల మీకు వచ్చేది 250. ఇవన్నీ కలిపితే 2,050 డాలర్లు. అయితే ఈ వర్గమంతటికీ ఏడాదికి 1,200 అనే పెద్ద పరిమితి ఒకటి ఉంది కాబట్టి, 2,050 కాస్తా 1,200 అవుతుంది.

హీట్ పంప్ వాటర్ హీటర్ మాత్రం వేరే గది. హీట్ పంపులకూ, హీట్ పంప్ వాటర్ హీటర్లకూ, కట్టెల గుళికలతో నడిచే పొయ్యిల వంటి వాటికీ కలిపి ఏడాదికి 2,000 డాలర్ల ప్రత్యేక పరిమితి ఉంది. వీటికి కూలీ కూడా లెక్కలోకి వస్తుంది. మీ 4,000 మీద 30 శాతం 1,200, ఇది పరిమితి లోపలే ఉంది. అంటే మీకు మొత్తం 2,400 డాలర్లు. ఏడు వేలు కాదు.

ఇప్పుడు మీరు జత చేసిన ఇన్వాయిస్ సంగతి. దాని మీద ఫర్నేసు పక్కన '80 శాతం' అని రాసి ఉంది. అంటే కాల్చిన గ్యాస్‌లో 80 శాతమే ఇంటికి వేడిగా అందుతుంది, మిగిలింది పొగగొట్టం గుండా పోతుంది. ఎండలు ఎక్కువగా ఉండే మీ ప్రాంతంలో కాంట్రాక్టర్లు మామూలుగా పెట్టేది ఇలాంటిదే, కానీ క్రెడిట్‌కు ఇది పనికిరాదు. సామర్థ్య ప్రమాణాల్లో పై మెట్టు మీద ఉన్న పరికరాలకే క్రెడిట్ ఇస్తారు. కంగారు పడకండి. ఫర్నేసు తీసేసినా, ఏసీకి 600, కిటికీలకు 600 కలిపితేనే 1,200 నిండిపోతుంది. అసలు చూసుకోవాల్సింది ఏసీని. బయటి యూనిట్‌కూ లోపలి కాయిల్‌కూ కలిపి ఇచ్చే ఏహెచ్‌ఆర్‌ఐ (ఏసీ తయారీదారుల సంఘం) ధ్రువపత్రం అడిగి తీసుకుని, ఆ జత 2025 ప్రమాణానికి సరిపోతుందని తయారీదారు రాసిచ్చిన పత్రం సంపాదించండి. యూనిట్ మీద అతికించిన పసుపు కాగితం చూపిస్తే సరిపోదు. ఒకవేళ ఏసీ కూడా పనికిరాలేదంటే, కిటికీలకు 600, తలుపుకు 250, మొత్తం 850కి దిగుతుంది.

కిటికీలకూ ఒక షరతు ఉంది: అవి ఇంధనం ఆదా చేసే వస్తువులకిచ్చే ఎనర్జీ స్టార్ గుర్తు ఉన్నవైతే చాలదు, ఎనర్జీ స్టార్ 'మోస్ట్ ఎఫిషియెంట్' జాబితాలో ఉండాలి. తలుపుకు మామూలు ఎనర్జీ స్టార్ చాలు. 2025లో కొత్తగా వచ్చిన మరో నిబంధన కిటికీలు, తలుపులు, ఏసీలు, వాటర్ హీటర్లు వంటి వాటి విషయంలో చాలామందిని తికమక పెడుతోంది. తయారీదారు ఐఆర్‌ఎస్ (అమెరికా ఆదాయపు పన్ను శాఖ) దగ్గర నమోదు చేసుకుని పొందిన నాలుగు అక్షరాల కోడ్‌ను మీ రిటర్నుతో పాటు వెళ్లే 5695 ఫారంలో రాయాలి. కోడ్ సాధారణంగా తయారీదారు వెబ్‌సైట్లో దొరుకుతుంది. ఇన్సులేషన్‌కూ, గాలి చొరబడే సందులు మూసే సామగ్రికీ ఈ కోడ్ అక్కర్లేదు.

పోయిన సంవత్సరం మా ఇంట్లో ఇలాంటి పనే చేయించినప్పుడు, కాంట్రాక్టరు ఇచ్చిన ఇన్వాయిస్ మీద 'పూర్తి సిస్టమ్' అన్న రెండు మాటలూ, కింద పెద్ద అంకె ఒకటీ తప్ప ఇంకేమీ లేవు. టార్చ్ పట్టుకుని గ్యారేజీలో వాటర్ హీటర్ వెనక్కి వంగి, పక్కన అతికించిన రేకు మీద దుమ్ము తుడిచి, మోడల్ నంబరు, సీరియల్ నంబరు రాసుకుని, ఫోటో తీసి, మళ్లీ కాంట్రాక్టరుకు పంపి, వస్తువుల వారీగా ధర విడదీసిన ఇన్వాయిస్ తెప్పించుకోవలసి వచ్చింది. మీరు ఆ పని ఈ వారమే చేయండి. వ్యాపారం మూసేసిన కాంట్రాక్టరు నుంచి కాగితం రాబట్టడం ఎవరి వల్లా కాదు.

ఇంకొక్క సంగతి. ఇదే కిటికీల్లో సగం 2024లోనే మార్చి ఉంటే ఆ ఏడాది విడిగా మరో 600 వచ్చేవి. ఈ పరిమితులు జీవితకాలానివి కావు, ఏ ఏటికా ఏడు కొత్తగా మొదలయ్యేవి. ఇప్పుడది పనికొచ్చే సలహా కాదని తెలుసు.

ప్రశ్న: మాకు ప్రతి ఏడూ రీఫండే వస్తుంది, పన్ను కట్టే పని ఉండదు. ఈ క్రెడిట్ పన్నును తగ్గించడమే తప్ప నగదుగా చేతికిచ్చేది కాదంటున్నారు. అలాంటప్పుడు మాలాంటివారికి దీనివల్ల లాభం లేనట్టేనా? – ఒక పాఠకుడు, జార్జియా

జవాబు: రీఫండ్ రావడమంటే పన్ను లేదని కాదు. ఏడాది పొడవునా మీ జీతంలోంచి కంపెనీ పట్టుకుని కట్టిన మొత్తం, మీరు నిజంగా కట్టాల్సిన పన్ను కంటే ఎక్కువైందని మాత్రమే దానర్థం. ఉదాహరణకు మీ మీద పడిన అసలు పన్ను 11,000 అనుకుందాం, జీతంలో పట్టుకున్నది 12,500. రీఫండ్ 1,500 వస్తుంది. 2,000 డాలర్ల హీట్ పంప్ క్రెడిట్ ఉంటే అసలు పన్నే 9,000కు తగ్గుతుంది, అప్పుడు రీఫండ్ 3,500. మీ రిటర్నులో ప్రధానమైన 1040 ఫారంలో, జీతంలోంచి పట్టుకున్న మొత్తాలు వచ్చే చోటు కాక, దానికంటే పైన 'పన్ను' అని ఉన్న గడి చూడండి. అక్కడ సున్నా ఉంటేనో, వేరే క్రెడిట్లు ఆ అంకెను ముందే మింగేస్తేనో మీకు ఇబ్బంది.

ఇబ్బంది ఉన్నవారికి రెండు క్రెడిట్ల మధ్య పెద్ద తేడా ఉంది. ఇంటి మెరుగుదల క్రెడిట్‌లో ఆ ఏడు వాడుకోలేనిది అక్కడితో పోయినట్టే. సోలార్ క్రెడిట్‌లో మిగిలిపోయిన భాగాన్ని తరువాతి ఏడాదికి తీసుకుపోవచ్చు. ఉద్యోగం మధ్యలో ఆపి చదువుకు వెళ్లినవారికీ, పదవీ విరమణ చేసినవారికీ ఈ తేడా చాలా పెద్దది.

ప్రశ్న: ఇంటి మీద సోలార్ పలకలు డిసెంబరు 18న బిగించి, బ్యాటరీ కలిపి, సిటీ ఇన్‌స్పెక్షన్ కూడా డిసెంబరు 23న పూర్తి చేయించారు. కానీ కరెంటు కంపెనీ నడుపుకోవచ్చన్న అనుమతి జనవరి 20న ఇచ్చింది. దీన్ని ఏ ఏడాది కింద చూడాలి? మొత్తం ధర 38,000, అందులో 20 ఏళ్ల లోను ఉంది. పైకప్పు పాతది కావడంతో ముందుగా 12,000 పెట్టి కప్పు కూడా మార్చాం. – ఒక పాఠకుడు, కాలిఫోర్నియా

జవాబు: సోలార్ క్రెడిట్‌కు చట్టం వాడిన మాట 'బిగింపు పూర్తి కావడం'. బిగింపు పూర్తయిన నాడే ఖర్చు పెట్టినట్టు లెక్క అని చట్టం అంటుంది, అందుకే డబ్బు ముందు కట్టి జనవరిలో పలకలు ఎక్కించుకున్నవారికి ఇక్కడ కూడా చోటు లేదు. మీ విషయంలో పలకలూ, ఇన్వర్టరూ, బ్యాటరీ అన్నీ డిసెంబరులోనే కలిపి, ఇన్‌స్పెక్టరు సంతకం కూడా డిసెంబరు 23నే ఉంది కాబట్టి 2025 రిటర్నులో అడగడానికి మీ చేతిలో బలమైన కాగితం ఉంది. ఆ ఇన్‌స్పెక్షన్ కార్డునూ, కాంట్రాక్టరు ఇచ్చిన పని పూర్తి పత్రాన్నీ దాచుకోండి. జనవరిలో ఇంకేవైనా మిగులు పనులు, అంటే బ్యాటరీకి కొత్త బ్రేకరు వేయడం వంటివి జరిగి ఉంటే, రిటర్ను పంపే ముందు ఆ ఇన్వాయిస్‌లు మీ పన్ను లెక్కలు చూసే సీపీఏ (అకౌంటెంటు) ముందు పెట్టండి. అలాంటి కాగితం ఒక్కటి ఉన్నా బిగింపు అసలు ఎప్పుడు పూర్తయిందన్న ప్రశ్న లేస్తుంది.

ఇక ధర. 30 శాతం లెక్క 38,000 మీద వేసే ముందు లోను కాగితాలు చదవండి. సోలార్ లోన్లలో నెలవారీ వడ్డీ తక్కువగా కనిపించడానికి, ముందుగానే ఒక రుసుమును ధరలో కలిపేయడం మామూలు. వడ్డీ, లోను తీసుకున్నందుకు వసూలు చేసే రుసుము ఏవీ క్రెడిట్ లెక్కలోకి రావు. అసలు నగదు ధర 30,000 అయితే క్రెడిట్ 9,000. 38,000 మీద లెక్కగడితే వచ్చే 11,400 కాదు. నగదు ధర ఎంతో కాగితం మీద రాసివ్వమని కంపెనీని అడగండి. వాళ్ల దగ్గర ఆ అంకె తప్పకుండా ఉంటుంది, అడిగినవారికే ఇస్తారు.

పైకప్పు ఖర్చు పూర్తిగా పక్కన పెట్టండి. కొత్త కప్పు పలకల బరువు మోస్తుంది కాబట్టి అదీ సోలార్‌లో భాగమేనని అమ్మేవాళ్లు అంటారు గానీ, మామూలు కప్పుకు క్రెడిట్ లేదు. కప్పుగానూ పని చేస్తూ కరెంటూ ఇచ్చే సోలార్ పెంకులకు మాత్రమే ఉంది. బ్యాటరీ విషయంలో చింత వద్దు, కనీసం 3 కిలోవాట్ గంటల సామర్థ్యం ఉంటే చాలు.

రేపు ఇల్లు అమ్మేటప్పుడు కొనుగోలు ధరకు సోలార్ ఖర్చు మొత్తం కలపకూడదు. 30,000 పెట్టి 9,000 క్రెడిట్ పొందితే, ఇంటి ఖరీదుకు కలిపేది 21,000 మాత్రమే.

ప్రశ్న: నేను, మా ఆవిడ మా అబ్బాయి దగ్గరికి వచ్చి ఉంటున్నాం. పగలు అబ్బాయి, కోడలు ఉద్యోగాలకు వెళ్లినప్పుడు ఒక సోలార్ కంపెనీ కుర్రవాడు తలుపు కొట్టి, 'ప్రభుత్వం ఇంకా 30 శాతం ఇస్తోంది, ఒక్క పైసా పెట్టకుండా పలకలు పెడతాం' అని అరగంట చెప్పి, ఒక టాబ్లెట్ మీద సంతకం పెట్టమన్నాడు. క్రెడిట్ అయిపోయిందని మీ పత్రికలోనే చదివాను. అతను అబద్ధమాడాడా? – ఒక పెద్దాయన, ఒహాయో

జవాబు: అయ్యా, మీరు సంతకం పెట్టకపోవడం చాలా మంచిదైంది. అతను చెప్పింది సగం నిజం, ఆ సగం మీ అబ్బాయికి చెందనిది. పలకలను కంపెనీయే సొంతంగా ఉంచుకుని, మీకు అద్దెకిచ్చే పద్ధతిలో, ఆ పలకల మీద వ్యాపార సంస్థలకు ఇచ్చే వేరే క్రెడిట్ కంపెనీకి వెళుతుంది. గాలి, సోలార్ మీద ఆ వ్యాపార క్రెడిట్‌కు కూడా కొత్త చట్టం గడువు పెట్టింది. 2026 జూలై 4 లోపు నిర్మాణం మొదలుపెట్టినవి, లేదా 2027 చివరిలోపు నడవడం మొదలుపెట్టినవి అర్హమవుతాయి. అందుకే ఈ మధ్య తలుపులు ఎక్కువగా కొడుతున్నారు.

అద్దె పద్ధతిలో ఇంటివారికి ఒక్క డాలరు ఫెడరల్ (కేంద్ర) పన్ను క్రెడిట్ కూడా రాదు, 2025లో కూడా వచ్చేది కాదు. అద్దె తగ్గించి కొంత లాభం మీకు పంచవచ్చు, పంచకపోవచ్చు. అది ఒప్పందంలో చూడాల్సిన విషయం. ఏటా అద్దె ఎంత శాతం పెరుగుతుంది, ఇల్లు అమ్మితే కొన్నవారు ఒప్పుకోకపోతే ఏం చేయాలి, పైకప్పు బాగు చేసుకోవాలంటే పలకలు ఎవరు దించుతారు – ఈ మూడింటికీ జవాబు కాగితం మీద చూసిన తరువాతే అబ్బాయి, కోడలు సంతకం గురించి ఆలోచించాలి. టాబ్లెట్ తెర మీద వేలితో గీసినా అది సంతకమే.

ప్రశ్న: అట్లాంటా దగ్గర ఒక ఇల్లు కొని అద్దెకిచ్చాం. 2025లో దానికి హీట్ పంప్ పెట్టించాం. క్రెడిట్ వస్తుందా? – ఒక పాఠకురాలు

జవాబు: రాదు. మీరు నివసించని ఇంటికి యజమానిగా ఈ క్రెడిట్ లేదు. ఆ ఖర్చును అద్దె ఆదాయం లెక్కలో, సాధారణంగా తరుగుదల రూపంలో చూపుకుంటారు. మీరు ఉండే ఇంట్లోనే ఒక గదిని ఆఫీసుగా వాడుకుంటే మాత్రం అది వేరు. వ్యాపారానికి వాడే భాగం 20 శాతం దాటకపోతే క్రెడిట్ మొత్తం అడగవచ్చు.

ప్రశ్న: ఊళ్లో నాన్నగారి ఇంటి మీద నేను డబ్బు పెట్టి సోలార్ వేయించాను. నేను అమెరికాలో పన్ను కడుతున్నాను కదా, ఇక్కడ చూపించవచ్చా?

జవాబు: ఇల్లు అమెరికాలో ఉండాలి. గ్రీన్ కార్డు ఉన్నా, పౌరసత్వం ఉన్నా ఈ నియమం మారదు.

ప్రశ్న: 2025 ఆగస్టులో బిల్డరు దగ్గర కొత్త ఇల్లు తీసుకున్నాం. కిటికీలు, ఇన్సులేషన్, సోలార్ అన్నీ బిల్డరే పెట్టాడు. వీటిలో దేనికి క్రెడిట్ ఉంది? – ఒక పాఠకుడు, ఉత్తర కరోలైనా

జవాబు: కిటికీలు, ఇన్సులేషన్‌కు లేదు. ఆ క్రెడిట్ అప్పటికే ఉన్న ఇంటిని మెరుగుపరచినందుకే తప్ప కొత్తగా కట్టిన ఇంటికి కాదు. సోలార్‌కు ఉంది, మీరు ఆ ఇంట్లో 2025లోనే నివాసం మొదలుపెట్టి, పలకలు మీ సొంతమైతే. ఇంటి ధరలో సోలార్ వాటా ఎంతో విడిగా రాసివ్వమని బిల్డరును అడగండి.

ప్రశ్న: 2023 సెప్టెంబరులో హీట్ పంప్ పెట్టించుకున్నాం. అప్పుడు ఈ క్రెడిట్ సంగతే తెలియక రిటర్నులో చూపలేదు. ఇప్పుడు ఏమైనా చేయవచ్చా? – ఒక పాఠకురాలు, వర్జీనియా

జవాబు: చేయవచ్చు, ఇది ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో నాకు చాలా సంతోషంగా జవాబిచ్చే ప్రశ్న. దాఖలు చేసిన రిటర్నును సవరించుకోవడానికి సాధారణంగా మూడేళ్ల గడువు ఉంటుంది. మీరు 2023 రిటర్నును 2024 ఏప్రిల్ 15 లోపు పంపి ఉంటే, 2027 ఏప్రిల్ 15 దాకా 1040-ఎక్స్ ఫారంతో సవరించి, దానికి ఆ ఏడాది నాటి 5695 ఫారం జతచేసి పంపవచ్చు. 2024లో పని చేయించి మర్చిపోయినవారికి 2028 ఏప్రిల్ దాకా సమయం ఉంది. క్రెడిట్ పథకం ముగిసినంత మాత్రాన పాత ఏళ్ల హక్కు పోదు. ఒక్కటే జాగ్రత్త: 2023 నాటి పరికరం 2023 నాటి ప్రమాణాలకే సరిపోవాలి, 2025 ప్రమాణాలతో పోల్చి నిరాశపడకండి.

ప్రశ్న: 2025లో హీట్ పంప్‌కు 9,000 డాలర్లు పెట్టాం, కరెంటు కంపెనీ 1,500 రిబేటు ఇచ్చింది. క్రెడిట్ లెక్కలో దాన్ని తీసేయాలా? ఇంకా రాష్ట్రం ఏదో పెద్ద రిబేటు ఇస్తుందంటున్నారు, అది నిజమేనా? – ఒక పాఠకుడు, ఇల్లినాయ్

జవాబు: పరికరం కొన్నందుకు కరెంటు కంపెనీ ఇచ్చిన సబ్సిడీని ఖర్చులోంచి తీసేయాలి. 9,000 లోంచి 1,500 తీస్తే 7,500, దాని మీద 30 శాతం 2,250. అయినా పరిమితి 2,000 కదా, కాబట్టి మీ విషయంలో రిబేటు వల్ల క్రెడిట్ ఒక్క డాలరు కూడా తగ్గలేదు. ఖర్చు 6,000 అయి ఉంటే మాత్రం 1,800 బదులు 1,350 వచ్చేది. మీ ఇంటి సోలార్ నుంచి గ్రిడ్‌కు వెళ్లిన కరెంటుకు బిల్లులో తగ్గించే మొత్తం ఇలాంటి సబ్సిడీ కాదు, దాన్ని తీసేయనక్కర్లేదు.

రాష్ట్ర రిబేటు విషయం నిజమే, కానీ ఎక్కువమంది మన కుటుంబాలకు అది అందదు. 2022 చట్టంలోనే ఇంట్లో గ్యాస్ వంటి వాటి బదులు విద్యుత్ పరికరాలు పెట్టించుకోవడానికి రాష్ట్రాలు పంచే రిబేటు నిధి ఒకటి ఉంది. ఆ చట్టం ప్రకారం హీట్ పంప్‌కు 8,000 డాలర్ల దాకా, హీట్ పంప్ వాటర్ హీటర్‌కు 1,750 దాకా, విద్యుత్ పొయ్యికి 840 దాకా, ఒక్కో ఇంటికి మొత్తం మీద 14,000 దాకా ఇస్తారు. మీ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 80 శాతం లోపు ఉంటే ఖర్చు మొత్తం, 80 నుంచి 150 శాతం మధ్య ఉంటే సగం. భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే ఇంట్లో 150 శాతం గీత సులువుగా దాటిపోతుంది. ఒకరి జీతం మీద నడిచే కుటుంబాలూ, చదువుకుంటూ పార్ట్‌టైమ్ పని చేసేవారూ, పదవీ విరమణ చేసినవారూ మాత్రం తప్పక అడగాలి. ఇది రిటర్నులో అడిగేది కాదు, కొనేటప్పుడే ధరలో తగ్గేది. అందువల్ల కాంట్రాక్టు రాసుకోకముందే మీ రాష్ట్ర ఇంధన కార్యాలయంలో పథకం నడుస్తోందో లేదో కనుక్కోవాలి. పని అయ్యాక అడిగితే లాభం ఉండదు.

ఇది కాక కొన్ని రాష్ట్రాలకు సొంత పన్ను క్రెడిట్లున్నాయి. న్యూయార్క్‌లో సోలార్ ఖర్చులో 25 శాతం, 5,000 డాలర్లు మించకుండా ఇస్తారు. మసాచుసెట్స్‌లో 15 శాతం, 1,000 మించకుండా. ఫెడరల్ క్రెడిట్ పోయినా ఇవి దానితో పాటు పోలేదు.

ప్రశ్న: ఇంటి క్రెడిట్లన్నీ పోయాయంటున్నారు. గ్యారేజీలో ఎలక్ట్రిక్ కారు చార్జరు పెట్టించుకుంటే ఇప్పటికైనా ఏమైనా వస్తుందా? – ఒక పాఠకుడు, మిషిగన్

జవాబు: ఒక్క కిటికీ ఇంకా తెరిచి ఉంది, అది కూడా 2026 జూన్ 30 దాకానే. ఆ లోపు చార్జరు బిగించి వాడకంలోకి తెస్తే ఖర్చులో 30 శాతం, 1,000 డాలర్లు మించకుండా క్రెడిట్ ఉంది. ఇక్కడ కూడా కొన్న తేదీ కాదు, బిగించిన తేదీయే లెక్క. కానీ ఇల్లు ఎక్కడుందన్నది అసలు షరతు. తక్కువ ఆదాయ ప్రాంతాలుగా గుర్తించిన, లేదా పట్టణేతరంగా లెక్కించే సెన్సస్ ట్రాక్టుల్లో (జనగణన కోసం విడగొట్టిన చిన్న ప్రాంతాల్లో) ఉన్న ఇళ్లకే ఈ క్రెడిట్ వర్తిస్తుంది. మనవాళ్లు ఎక్కువగా ఉండే కొత్త కాలనీల్లో చాలా ఇళ్లు ఈ గీత బయట పడతాయి. అలాగని చూడకుండా వదిలేయకండి, ఒకే రోడ్డుకు ఇటు పక్క ఒక ట్రాక్టు, అటు పక్క మరో ట్రాక్టు ఉండవచ్చు. ఎలక్ట్రీషియన్‌కు అడ్వాన్సు ఇవ్వకముందే ఐఆర్‌ఎస్ పెట్టిన జాబితాతో మీ చిరునామా పోల్చుకోండి. సరిపోతే, 8911 ఫారంలో రాయాల్సిన ఆ ట్రాక్టు 11 అంకెల సంఖ్యను అప్పుడే రాసి, చార్జరు ఇన్వాయిస్‌తో పాటు ఒకే కవరులో పెట్టి ఉంచండి.